66 మస్టాంగ్: తెప్పించిన బ్రేక్ డ్రమ్ములు పట్టట్లేదు, ఇంజన్ కార్బురేటర్‌లోంచి పేలుతోంది

నోవై_శ్రీను
రెండు నెలల కిందట టొలీడో దగ్గర ఒక పల్లెలో 1966 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్ కొన్నాను. 11,000 డాలర్లు. పదేళ్లుగా కొట్టంలో పడున్న బండి. "ఫ్యాక్టరీ నుంచే వీ8 (ఎనిమిది సిలిండర్లది), 289 క్యూబిక్ అంగుళాల ఇంజన్" అని అమ్మినాయన చెప్పాడు. బానెట్ ఎత్తితే వీ8 కనిపించింది, నమ్మాను. ఇప్పుడు మూడు తలనొప్పులు.

ఒకటి, బ్రేకులు. "66 మస్టాంగ్ వీ8" అని వెతికి 10 అంగుళాల డ్రమ్ములు తెప్పించాను. వాటికి ఐదు రంధ్రాలు, నా చక్రాలకు నాలుగే బోల్టులు. వెనక్కి పంపడానికి 90 డాలర్లు నా జేబులోంచే పోయాయి.

రెండు, ఇంజన్. కొన్నప్పుడు వణుకుతూ అయినా నడిచింది. ప్లగ్గులు, వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ కొత్తవి వేశాను. వైర్లు షాప్ మాన్యువల్‌లో ఉన్న వరసలోనే పెట్టాను: 1-5-4-2-6-3-7-8. అప్పట్నుంచి కార్బురేటర్‌లోంచి టపటపా పేలుతోంది. టైమింగ్ ఎంత తిప్పినా దారికి రావట్లేదు.

మూడు, వాన పడితే బ్రేక్ పెడల్ దగ్గర నా బూట్ల మీద నీళ్లు కారుతున్నాయి.

జూన్‌లో నాన్న మంగళగిరి నుంచి వస్తున్నారు. ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవర్‌గా చేశారు. ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర జరిగే పాత బండ్ల ఊరేగింపు, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి ఆయన్ని ఈ బండిలో తీసుకెళ్లాలని నా కోరిక. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

గోదారి_డాలస్
నాలుగు బోల్టులా? ఇంజన్ సంగతి పక్కన పెట్టు తమ్ముడూ. 66లో వీ8 మస్టాంగ్‌కి ఫ్యాక్టరీ నుంచి ఐదు బోల్టుల చక్రాలే వచ్చాయి. నాలుగు అంటే ఆరు సిలిండర్ల బండి. విన్ నంబరులో (బండి గుర్తింపు నంబరు) ఐదో అక్షరం ఏంటో చూసి చెప్పు.

నోవై_శ్రీను
తలుపు మీద రేకులో 6ఎఫ్07టీ అని మొదలవుతోంది.

గోదారి_డాలస్
అదే అనుకున్నా. 6 అంటే 1966, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ప్లాంటు, 07 అంటే హార్డ్‌టాప్, టీ అంటే 200 క్యూబిక్ అంగుళాల సిక్స్. 289 అయితే సీ, ఏ, కే లలో ఒకటి ఉండాలి. నీ బండి సిక్స్‌గా పుట్టింది, తర్వాత ఎవరో వీ8 దింపారు.

పాతబండి_పిట్స్‌బర్గ్
తలుపు రేకుని నమ్మి తీర్పు చెప్పకండి. తలుపులు మారతాయి, రేకులు మారతాయి. డ్రైవర్ వైపు ఫెండర్ కింద, లోపలి రేకు అంచు మీద అచ్చుగుద్దిన నంబరు ఉంటుంది. ఫెండర్‌లో దానికోసం చిన్న గాడి కూడా ఉంటుంది. టైటిల్ కాగితం మీదున్న నంబరు దానితో కలవాలి. అది చూశాకే మాట్లాడదాం.

హెర్షీ_రాజు
మార్టీ రిపోర్ట్ (ఫోర్డ్ ఫ్యాక్టరీ రికార్డుల నుంచి తీసి ఇచ్చే కాగితం) తెప్పించుకుంటే బండి పుట్టుపూర్వోత్తరాలన్నీ వచ్చేస్తాయి కదా?

పాతబండి_పిట్స్‌బర్గ్
రాజు గారూ, అది 1967 మోడళ్ల నుంచే. 65, 66 వాళ్లకి ఆ అదృష్టం లేదు. ఇనుము మీదున్న అంకెలే మనకి జాతకం.

నోవై_శ్రీను
ఫెండర్ కింద చూశాను. అక్కడా టీనే. టైటిల్‌తో కలుస్తోంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. సిక్స్ బండి ధరకి, అసలు వీ8 ధరకి చాలా తేడా ఉంది. నాకు అబద్ధం చెప్పి అమ్మాడు.

మినియాపోలిస్_మూర్తి
డబ్బు వెనక్కి అడుగు. "ఫ్యాక్టరీ వీ8" అని ప్రకటనలో రాసి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

గోదారి_డాలస్
మూర్తి గారూ, అడగడంలో తప్పు లేదు, కానీ రెండు నెలలయ్యాక పాత బండి వెనక్కి తీసుకునేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. శ్రీనూ, నువ్వు పెట్టుబడికి కొన్నావా, నాన్నని ఎక్కించుకోవడానికి కొన్నావా? రెండోది అయితే బండికి ఏ లోటూ లేదు. కాకపోతే చేయాల్సిన పనుల జాబితా మారింది. సిక్స్ బండికి 9 అంగుళాల డ్రమ్ములు, వెనక సన్నటి 7.25 అంగుళాల యాక్సిల్. వీ8కి 10 అంగుళాల డ్రమ్ములు, 8 అంగుళాల యాక్సిల్. అంటే నువ్విప్పుడు వీ8 బరువుని, వేగాన్ని సిక్స్ బ్రేకులతో ఆపుతున్నావు. ముందు అది సరిచెయ్యి. అప్పటిదాకా వీధి చివరికి కూడా తీసుకెళ్లొద్దు.

రేణుక_ఎడిసన్
గోదారి గారు చెప్పినదానికి ఇంకోటి కలుపుతా. 66లో మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ని చక్రాలకి నెట్టేది) ఒకటే గది. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 మోడళ్ల నుంచి అమెరికా బండ్లకి రెండు గదులది వచ్చింది. 67 మస్టాంగ్ డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండర్ ఇందులో పెట్టుకోవచ్చు, పైపులు కొత్తగా వంచుకోవాలి. నాన్నగారిని ఎక్కించుకునే బండి కాబట్టి ఇది మాత్రం వాయిదా వేయొద్దు.

పాతబండి_పిట్స్‌బర్గ్
నేను ఒప్పుకోను. ఒక గది మాస్టర్ సిలిండర్‌తో లక్షల బండ్లు ఏళ్లకేళ్లు తిరిగాయి. రబ్బరు గొట్టాలు, వీల్ సిలిండర్లు కొత్తవి వేసి, ఫ్లూయిడ్ మారుస్తూ ఉంటే చాలు. ప్రతిదీ మార్చుకుంటూ పోతే అది 66 బండి ఎలా అవుతుంది?

రేణుక_ఎడిసన్
మా 67 కమారోలో వెనక స్టీలు పైపు లోపల్నుంచి తుప్పు పట్టి రూట్ 1 మీద పగిలింది. పైకి చూస్తే శుభ్రంగా ఉండేది. రెండు గదులు ఉన్నాయి కాబట్టి ముందు బ్రేకులతో ఆగాను. వెనక సీట్లో మా అమ్మాయి ఉంది. పాతబండి గారూ, మీ మీద గౌరవం ఉంది, ఈ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

పాతబండి_పిట్స్‌బర్గ్
అమ్మాయి ఉందంటే ఇంక నేనేం అనగలనమ్మా. శ్రీనూ, రెండు గదులదే వెయ్యి. పాతది మాత్రం పారెయ్యకు, నూనె రాసి డబ్బాలో దాచు.

వీ8_వరంగల్
బ్రేకుల సంగతి తేలింది కదా, ఇంజన్ దగ్గరికి వద్దాం. సిక్స్ బండిలో ఎవరో వీ8 దింపారంటే అది 289 అని ఎవరు చెప్పారు? అమ్మినాయనే కదా. బ్లాక్ నంబరు చూడు. ప్యాసింజర్ వైపు, వెనక, స్టార్టర్ మోటారు పైన ఉంటుంది. వైర్ బ్రష్‌తో గీకి, సుద్దముక్క రుద్దితే అక్షరాలు తేలతాయి.

నోవై_శ్రీను
గంట పట్టింది, కానీ కనిపించింది. ఈ6ఎస్ఈ, దాని కింద 6015.

వీ8_వరంగల్
దొరికింది! ఫోర్డ్ నంబర్లలో మొదటి అక్షరం దశాబ్దం: సీ అంటే 1960లు, డీ అంటే 70లు, ఈ అంటే 80లు. తర్వాతి అంకె సంవత్సరం. మూడోది ఏ బండి కోసం గీశారో, ఎస్ అంటే థండర్‌బర్డ్. 6015 అంటే ఇంజన్ బ్లాక్. నీది 1986 నాటి డిజైన్ 5.0 లీటర్ల బ్లాక్, అంటే 302. 289 కానే కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మస్టాంగ్‌లో 1982 నుంచి వచ్చిన 5.0 హెచ్‌ఓ (హై అవుట్‌పుట్) ఇంజన్‌కి ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు వెలిగే వరస వేరు: 1-3-7-2-6-5-4-8. నువ్వు 289 మాన్యువల్ చూసి వైర్లు పెట్టావు. పాత వైర్లతో నడిచి, కొత్త వైర్లతో పేలుతోందంటే నా అనుమానం అక్కడే.

టెంపా_తెనాలి
కానీ ఆ బ్లాక్ హెచ్‌ఓ కాని బండ్లలో కూడా వచ్చింది అన్నా. క్రౌన్ విక్టోరియా, టౌన్ కార్, అన్నిట్లో. వాటికి పాత వరసే. బ్లాక్ నంబరు చూసి ఫైరింగ్ ఆర్డర్ చెప్పలేం, అది క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) మీద ఆధారపడుతుంది.

వీ8_వరంగల్
కరెక్టు తమ్మీ, అందుకే అనుమానం అన్నాను. తేల్చుకునే పద్ధతి చెప్తా. పైసా ఖర్చు లేదు. ప్లగ్గులన్నీ విప్పెయ్. ముందు పుల్లీ బోల్టు మీద సాకెట్ పెట్టి ఇంజన్‌ని చేత్తో గడియారం దిక్కుగా తిప్పు. ఒకటో సిలిండర్ రంధ్రం మీద బొటనవేలు పెట్టు. గాలి వేలిని నెట్టాక పుల్లీ గీత సున్నా దగ్గరికి వచ్చేలా ఆపు. ఇప్పుడు ఒక మనిషి 3 మీద, ఇంకొకరు 5 మీద వేలు పెట్టండి. ఇంకో పావు చుట్టు తిప్పు. 5 నెడితే పాత వరస, 3 నెడితే హెచ్‌ఓ వరస.

ఫోర్డ్‌లో ప్యాసింజర్ వైపు ముందు నుంచి 1, 2, 3, 4. డ్రైవర్ వైపు 5, 6, 7, 8. షెవ్రొలే లెక్క వేరు, అది ఇక్కడ కలపొద్దు. డిస్ట్రిబ్యూటర్ రోటర్ గడియారానికి ఎదురు తిరుగుతుంది, వైర్లు ఆ దిక్కులోనే పేర్చాలి.

నోవై_శ్రీను
మా ఆవిడ 5 మీద, నేను 3 మీద. మూడు! నా వేలినే నెట్టింది. మళ్లీ మొదట్నుంచి రెండుసార్లు చేశాం, మూడే. వైర్లు మార్చాను. మొదటి తిప్పుకే అందుకుంది. పేలుడు ఆగింది. వరంగల్ అన్నా, నీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు.

వీ8_వరంగల్
మా చెల్లెమ్మకి చెప్పు. గ్రీజు రంధ్రం మీద వేలు పెట్టి నిలబడే ఆవిడ దొరకడం మామూలు విషయం కాదు.

టెంపా_తెనాలి
శ్రీను అన్నా, "వణుకుతూ నడిచింది" అని మొదటి పోస్టులో రాశావు. ఇప్పుడు పేలట్లేదు సరే, వణుకు పోయిందా?

నోవై_శ్రీను
లేదు. నిలబడి ఉన్నప్పుడు తెలియదు. 2,000 దాటాక స్టీరింగ్, అద్దాలు అన్నీ అదురుతున్నాయి.

టెంపా_తెనాలి
పుల్లీని ముందున్న బ్యాలన్సర్‌కి (ఇంజన్ వణుకు తగ్గించే బరువు చక్రం) పట్టిన బోల్టులు ఎన్ని?

నోవై_శ్రీను
మూడు.

టెంపా_తెనాలి
అదీ కారణం అయ్యుండాలి. 289లు, 1981 దాకా వచ్చిన 302లు 28 ఔన్సుల బ్యాలన్స్. తర్వాతి 5.0 ఇంజన్లు 50 ఔన్సులు. 60ల బ్యాలన్సర్‌కి పుల్లీ బోల్టులు మూడు, తర్వాతి వాటికి నాలుగు. పాత పుల్లీలు సరిపోవాలని ఎవరో 289 బ్యాలన్సర్ తెచ్చి కొత్త ఇంజన్‌కి పెట్టినట్టుంది. అలాగే తిప్పితే బేరింగులు తినేస్తుంది. 50 ఔన్సులదే, మూడు బోల్టులది, ఇలాంటి మార్పిడుల కోసమే విడిగా దొరుకుతుంది. గేర్‌బాక్స్ వైపు ఫ్లెక్స్‌ప్లేట్ (ఇంజన్ వెనక తిరిగే పళ్ల చక్రం) కూడా 50 ఔన్సులదే ఉండాలి. కింద రేకు మూత విప్పి దానికి వెల్డు చేసిన బరువు ఎంతుందో చూడు.

వీ8_వరంగల్
ఇదే వరసలో ఇంకొకటి. 86 తర్వాతి హెచ్‌ఓ అయితే రోలర్ క్యామ్. దానికి డిస్ట్రిబ్యూటర్ కింద స్టీలు గేరు కావాలి. 289 డిస్ట్రిబ్యూటర్‌కి పోత ఇనుము గేరు ఉంటుంది, ఆ స్టీలు క్యామ్ దాన్ని అరగదీసి పొడి చేస్తుంది. ఆ పొడి ఆయిల్లో కలుస్తుంది. డిస్ట్రిబ్యూటర్ పైకి లాగి పళ్లు చూడు. కత్తి అంచులా పలచగా ఉంటే వెంటనే మార్చు.

నోవై_శ్రీను
లాగి చూశాను. పళ్లు సగం లేవు. ఆయిల్ వంపితే అడుగున వెండి రంగు మెరుపు. మీరు చెప్పకపోతే ఒక నెలలో ఇంజన్ పోయేది. ఫ్లెక్స్‌ప్లేట్ మీద బరువు పెద్దదే ఉంది, అది సరైనదేనట.

హెర్షీ_రాజు
ఇందుకే నేను అందరికీ చెప్పేది: బండి పేరు పెట్టి పార్టులు వెతకొద్దు, నంబరు పెట్టి వెతకాలి. ఈ బండిలో బాడీ 66 సిక్స్, ఇంజన్ 86 హెచ్‌ఓ, డిస్ట్రిబ్యూటర్ 289. "66 మస్టాంగ్ వీ8" అని కొట్టి ఏది తెప్పించినా తప్పే వస్తుంది.

నా పద్ధతి చెప్తా. మామూలుగా అరిగే సామాన్లు, అంటే పంపులు, బేరింగులు, ఫిల్టర్లు రాక్ఆటో అనే ఆన్‌లైన్ షాపులో. దానికి 86 మస్టాంగ్ 5.0 అని పెట్టి వెతుకు. రబ్బర్లు, రేకులు, లోపలి సామాను నేషనల్ పార్ట్స్ డిపోలోనో సీజే పోనీలోనో. మస్టాంగ్‌కి ఉన్న అదృష్టం ఇదే, 66 ఒక్క ఏడాదిలోనే ఆరు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి కాబట్టి ఇప్పటికీ దాదాపు ప్రతి పార్టూ కొత్తగా చేస్తున్నారు. మళ్లీ చేయనివి కావాలంటే పాత బండ్ల పత్రిక హెమింగ్స్‌లో ప్రకటనలు చూడు, లేదా పెన్సిల్వేనియా వచ్చెయ్. జూన్‌లో కార్లైల్‌లో ఫోర్డ్ మేళా, అక్టోబర్‌లో హెర్షీ పాత బండ్ల సంత. నేను హెర్షీకి 14 ఏళ్లుగా వెళ్తున్నా. అట్టముక్క మీద పార్టు నంబరు పెద్దగా రాసుకుని మెడలో వేసుకుని తిరుగుతా. ఎవరో ఒకరు పిలుస్తారు, "నీకు కావాల్సింది నా వ్యాన్లో ఉంది" అని.

పాతబండి_పిట్స్‌బర్గ్
కొత్తగా చేసినవన్నీ సరిగ్గా పడతాయని అనుకోవద్దు. ఒక దుకాణంలో కొన్న ఫెండర్ నా 65కి అర అంగుళం తక్కువ వచ్చింది. రంగు వేశాక బిగించి చూశాను, అందుకే వెనక్కి తీసుకోలేదు. రేకు ఏదైనా సరే, ముందు బిగించి సందులు చూసుకుని తర్వాతే రంగు.

సికింద్రాబాద్_డాడ్జి
ఇండియా నుంచి అడగొచ్చా? మా తాతగారి 1954 డాడ్జ్ కింగ్స్‌వే ఉంది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు బిగించిన బండి. బ్రేకులు చేయిద్దామని చక్రాలు విప్పిస్తుంటే కుడి వైపువి వచ్చాయి. ఎడమ వైపు రెండు బోల్టులు విరిగాయి. మెకానిక్ ఇంకా పెద్ద పైపు పెట్టి తిప్పుతానంటున్నాడు.

గోదారి_డాలస్
ఆపండి! ఆపమనండి! క్రైస్లర్ కంపెనీ బండ్లకి ఎడమ వైపు చక్రాలకి ఎదురు మర. విప్పడానికి గడియారం దిక్కుగా తిప్పాలి. బోల్టు తల మీద ఎల్ అని ఉందేమో తుడిచి చూడండి.

సికింద్రాబాద్_డాడ్జి
ఎల్ ఉంది అన్నా. అటు తిప్పితే ఒక్క గుంజుకి వచ్చేసింది. మెకానిక్ గారు 40 ఏళ్ల అనుభవం ఉన్న మనిషి, ఆయనా ఆశ్చర్యపోయారు. మిగిలిన అన్ని బండ్లూ ఒకేలా ఉంటాయి కదా అంటున్నారు.

రేణుక_ఎడిసన్
ఆ బండి 6 వోల్టులు, పైగా బ్యాటరీ ప్లస్ బాడీకి కలుస్తుంది. మధ్యలో ఎవరైనా 12కి మార్చారేమో చూసి బ్యాటరీ తగిలించండి. వేడెక్కుతుంటే వాటర్ పంపు వెనక, బ్లాక్ లోపల పొడవాటి రేకు గొట్టం ఉంటుంది, వెనక సిలిండర్లకి నీళ్లు పంచేది. అది తుప్పు పట్టి రాలిపోతుంది. రేడియేటర్ ఎన్నిసార్లు కడిగించినా లాభం ఉండదు. ఈ ఇంజన్ వస్తువులు మా న్యూజెర్సీలో, బూంటన్‌లో ఉన్న కాంటర్ వాళ్ల దగ్గర దొరుకుతాయి. ఆర్డర్ చేసే ముందు సిలిండర్ హెడ్ పొడవు టేపుతో కొలవండి. 23 అంగుళాలా, 25 అంగుళాలా అన్నది తేలకుండా గాస్కెట్ కొనొద్దు.

సికింద్రాబాద్_డాడ్జి
23 అక్కా. చాలా థాంక్స్. వీల్ సిలిండర్ కిట్లు, రెండు ఎడమ మర బోల్టులు కావాలి. ఎవరైనా హైదరాబాద్ వస్తుంటే చెప్పండి, శంషాబాద్‌కి నేనే వచ్చి తీసుకుంటా.

మినియాపోలిస్_మూర్తి
శ్రీను అడిగిన మూడోది అందరూ మర్చిపోయారు. బూట్ల మీద నీళ్లు.

పాతబండి_పిట్స్‌బర్గ్
మర్చిపోలేదు, చెప్పడానికి మనసు రాలేదు. అది కౌల్. అద్దం కింద, వైపర్ల దగ్గర జల్లెడలా ఉండే భాగం. లోపల గాలి గొట్టం చుట్టూ రేకు తుప్పు పడితే వాన నీళ్లు బయటికి పోకుండా లోపలికి దిగుతాయి. ఈ మస్టాంగ్‌లకి అది పుట్టుకతో వచ్చిన జబ్బు. చెంబుడు నీళ్లు జల్లెడ మీద ఒక్కో వైపు పోసి, ఒకరు లోపల పడుకుని టార్చితో చూడండి. ఏ వైపు కారుతోందో తెలుస్తుంది. కార్పెట్ ఎత్తి నేల కూడా చూడు. అయస్కాంతం అంటుకోని చోట లప్పం ఉన్నట్టు.

నోవై_శ్రీను
డ్రైవర్ వైపు మాత్రమే కారుతోంది. కార్పెట్ కింద పెడల్ దగ్గర చెయ్యి పట్టేంత రంధ్రం, దాని మీద ఎవరో తారు షీటు అంటించారు.

పాతబండి_పిట్స్‌బర్గ్
సరైన వైద్యం ఒక్కటే. పై రేకుకున్న స్పాట్ వెల్డులన్నీ డ్రిల్ చేసి, రేకు లేపి, కింద కొత్తది వెల్డు చేసి మూయాలి. ఫెండర్లు, బానెట్, ముందు అద్దం అన్నీ విప్పాలి. చాలా పెద్ద పని.

గోదారి_డాలస్
ఆగస్టులోపు అవ్వదు. ఈ ఏడాదికి ప్లాస్టిక్ టోపీ లాంటి మూత దొరుకుతుంది, సీలెంట్‌తో గొట్టం చుట్టూ అంటించు. నేల రంధ్రానికి మాత్రం కొత్త రేకు వెల్డు చేయించు. కౌల్ పని చలికాలంలో పెట్టుకో.

పాతబండి_పిట్స్‌బర్గ్
తాత్కాలికం అన్నవి పదేళ్లు ఉండిపోతాయి. అయినా నాన్నగారి కోసం అన్నాడు కాబట్టి ఈసారికి సరే.

నోవై_శ్రీను
ఏడు వారాల తర్వాత రాస్తున్నా. 50 ఔన్సుల బ్యాలన్సర్, స్టీలు గేరు వేశాను, ఆయిల్ రెండుసార్లు మార్చాను. వణుకు పోయింది. ముందు వైపు వీ8 స్పిండిళ్లు (చక్రాలు తిరిగే ఇరుసులు), 10 అంగుళాల డ్రమ్ములు, రెండు గదుల మాస్టర్ సిలిండర్. టై రాడ్ చివర్లు కూడా సిక్స్‌కి, వీ8కి తేడా అని అప్పుడు తెలిసింది. వెనక్కి 8 అంగుళాల యాక్సిల్ ఇక్కడ ఒక క్లబ్ సభ్యుడి గ్యారేజీలో దొరికింది, 450 డాలర్లు. నేల రేకు అతికించారు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే 800 వెనక్కి పంపాడు, నేను ఆశించలేదు.

నాన్న వచ్చారు. మొదటిరోజే బానెట్ మీద చెయ్యి పెట్టి రెండు నిమిషాలు విన్నారు. "ఎడమ వైపు ఏదో చిన్నగా ఊదుతోందిరా" అన్నారు. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గాస్కెట్. ఇద్దరం కలిసి మార్చాం. ఆయనకి స్టీరింగ్ ఎడమ వైపు అలవాటు లేదు, అయినా రోజూ సాయంత్రం డ్రైవర్ సీట్లో కూర్చుని గేర్లు వేసి చూస్తున్నారు.

టెంపా_తెనాలి
అన్నా, ఫోటో!

హెర్షీ_రాజు
కొత్త బేరింగులు కదా, 100 మైళ్లు తిరిగాక చక్రాల బిగుతు, ఫ్లూయిడ్ మట్టం మళ్లీ చూసుకో. వుడ్‌వర్డ్‌లో మెల్లగా పాకాలి, ఇంజన్ వేడెక్కుతుంది. ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ (గాలి రేడియేటర్‌లోంచే వచ్చేలా చేసే తొడుగు) ఉందా?

నోవై_శ్రీను
లేదు. ఇప్పుడే వెతుకుతా. డాడ్జి గారూ, నాన్న సెప్టెంబర్ 4న శంషాబాద్‌లో దిగుతారు. కిట్లు, బోల్టులు మా ఇంటికి తెప్పించాను, ఆయన సూట్‌కేసులో పెడుతున్నా. బోల్టుల మీద ఎల్ ఉందో లేదో ఆయనే రెండుసార్లు చూశారు.